లారీ కన్నా ముందొచ్చిన సిమెంటు

ముత్తుకూరు నుంచి సముద్రం దాకా లేచిన ప్రతి గోడలోనూ నా చేతి మీదుగా పోయిన సిమెంటే ఉంది. ఈ మాట నేను బస్సుల్లో, టీ కొట్ల దగ్గర, పెళ్లి భోజనాల బంతుల్లో లెక్కలేనన్ని సార్లు చెప్పినాను. ప్రతి గోడ అంటే మరీ ప్రతి గోడా కాదు. సగం. సగం కూడా ఎక్కువేలెండి. రెండు గోడౌన్లు, ఒక కాంపౌండు గోడ, ఏదో ఆఫీసు వెనక నాలుగు మరుగుదొడ్లు. వీటికి మాత్రం ఏ దేవుడి మీదైనా ఒట్టు పెడతాను. స్టోరు కీపరుగా ముప్పై ఏళ్లు పనిచేసినాననడంలో అణువంత అబద్ధం లేదు. ఇరవై ఆరు.

స్టోరు కీపరంటే పెద్ద విద్యేం కాదు. కట్టుబడి జరిగే చోట గేటు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. లారీ వస్తుంది. ఏం తెచ్చిందో, ఎంత తెచ్చిందో చూసి, దించుకొని, పుస్తకంలో రాసుకోవాలి. ఆ రాత లేకపోతే మేస్త్రీ చేతిలో తాపీ కదలదు, ఇంజనీరు నోట్లో మాట కదలదు. కాబట్టి నేను లేకపోతే గోడ లేవదు. ఇందులో కొంత నిజం ఉంది.

మా ఊరికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాళెం ఒకటుంది. అక్కడ తుఫాను షెల్టరు కడుతున్నారు. గాలీ వానా ముంచుకొస్తే పాళెం పాళెమంతా పిల్లాజెల్లాతో వచ్చి తలదాచుకునే పెద్ద హాలు. నాకు డెబ్బై దాటినాయి. ఇంక చాలని ఇంట్లో కూర్చున్నవాణ్ణి, కాంట్రాక్టరు మనుషులు కబురు మీద కబురు పెడితే కాదనలేక పోయినాను. కబురు పెట్టినారని చెప్పుకుంటాను గానీ, నేనే పోయి గేటు దగ్గర నిలబడినాను. మూడు రోజులు నిలబడినాక కుర్చీ వేసినారు.

ఒక సోమవారం పొద్దున ఇంజనీరమ్మాయి స్కూటీ దిగి, సంచీలోంచి ఒక పలక తీసి నా బల్ల మీద పెట్టింది. వేలితో తాకితే వెలిగే ట్యాబు. నేను మాత్రం మొదటి రోజు నుంచీ దాన్ని పలకనే అన్నాను. ఆ అమ్మాయిది కోట అనే ఊరు. రోజూ అంత దూరం నుంచీ స్కూటీ మీద వస్తుంది. చదువు ముగిసి రెండేళ్లయిందేమో, ఒక కట్టుబడి మొత్తం తానొక్కతే చూసుకోవడం ఇదే మొదలు. పదిమందిలో నేను మేడం అంటాను. ఎవరూ లేకపోతే తల్లీ అంటాను. తను మాత్రం ఎప్పుడూ తాతా అనే అంటుంది.

"తాతా, ఇంక పుస్తకం లేదు. అంతా దీన్లోనే."

"నాకెట్టా వస్తాదమ్మా ఇది?"

"వస్తాది. ఆఫీసోళ్లు ట్యాబు తెలిసినోణ్ణి వేరే పంపిస్తామన్నారు. మా తాత నేర్చుకుంటాడని నేనే పట్టుబట్టినాను. నా పరువు తీయబాకు."

మా తాత అనింది. ఆ మాట విన్నాక ఒక్క రోజులో నేర్చేసుకున్నాను. వారం పట్టింది.

పని చూస్తే ఇంతే. పలక తెరిస్తే రావలసిన సరుకులన్నీ వరసగా కనపడతాయి. కంకర, ఇసుక, ఇనుప కమ్మీ, సిమెంటు. లారీ బయలుదేరితే ఆ వరస పసుపు రంగులో ఉంటుంది. లారీ వచ్చినాక బండి నంబరు కొట్టాలి, ఎంతో కొట్టాలి, దించిన సరుకుకి ఫొటో తీయాలి, కింద ఉండే 'అందింది' అన్న గుర్తు నొక్కాలి. అప్పుడు వరస పచ్చబడుతుంది.

"తాతా, మళ్లీ చెప్తున్నా. లారీ గేటు లోపలికొచ్చి, బస్తాలు దిగి, నువ్వు లెక్క చూసుకున్నాకనే నొక్కాల. ముందు నొక్కకూడదు."

"నొక్కితే ఏమవుతాది?"

"పచ్చగా అవుతాది."

"అంతే గదా!"

"అంతే కాదు. నెల్లూరు ఆఫీసులో పచ్చగా అవుతాది. హైదరాబాదులో పచ్చగా అవుతాది. సరుకు వచ్చేసిందని అందరూ దానిమీద పనులు పెట్టుకుంటారు."

ఆ అమ్మాయి చెప్పవలసిందంతా చెప్పింది. నా చెవికి మాత్రం హైదరాబాదు ఒక్కటే ఎక్కింది.

మొదటి లోడు సంగం వైపు నుంచి వచ్చిన పెన్న ఇసుక. వేలు చొక్కాకి తుడుచుకొని నొక్కినాను. టక్కున పచ్చబడింది. ఒక నిమిషానికి పలక మూలలో బొటనవేలు బొమ్మ ఒకటి లేచింది. ఎవరో ఆఫీసులో కూర్చున్నవాళ్లు, నా ముఖం ఎరగనివాళ్లు, భేష్ అన్నారు! ఇరవై ఆరేళ్లలో నా పుస్తకం చూసి ఒక్కడూ భేష్ అనలేదు. ఆరోజు ఇంటికి పోతుంటే నా సైకిలు నేల మీద నడవలేదు.

"ఏందయ్యా, అంత వెలిగిపోతా వస్తున్నావు?" అని అడిగింది మా ఆవిడ, గుమ్మంలో చేపలు తోముతూ.

"హైదరాబాదులో నా వేలు తెలుసే ఇప్పుడు."

"మనూళ్లో నీ నోరు తెలుసు. అది చాలక వేలొకటా."

ఆ వారంలో నాకు పదకొండు బొటనవేళ్లు వచ్చినాయి. నాలుగు. ఆ నాలుగిటి కోసమే నేను లారీలకి ఎదురుచూసినాను. పొద్దున్నే షెడ్డు తాళం తీయగానే పలక తెరిచి, పసుపు వరసలు చూసి, ఇది ఎప్పుడు పచ్చబడుతుందా అని కాలు నిలవకుండా తిరిగేవాణ్ణి.

ఇక్కడ మా స్టోరు కీపర్ల గుట్టు ఒకటి చెప్పాలి. పుస్తకం కాలంలో మాకు ముందు రాత అని ఒకటుండేది. లారీ బయలుదేరిందని ఫోను రాగానే, సరుకు వచ్చినట్టు రాసేసుకునేవాళ్లం. లారీ వచ్చేటప్పటికి మనం భోజనానికి పోయి ఉండొచ్చు, వాన రావొచ్చు, పెన్ను కనపడకపోవచ్చు. సాయంత్రానికో మరునాటికో లారీ వచ్చేది. రాతా, సరుకూ ఒకటైపోయేవి. పుస్తకం నా సొరుగులోనే పడుండేది కాబట్టి ఈ నడుమ జరిగింది ఎవరికీ తెలిసేది కాదు. ఇది మోసమని మేమెవ్వరం అనుకోలేదు. నాకు పని నేర్పినాయన కూడా ఇట్నే రాసేవాడు.

పలక మీద కూడా ముందు రాత మొదలుపెట్టినాను. మొదట కంకరతో. డ్రైవరు ముత్తుకూరు దాటినానంటే నొక్కేసినాను. అరగంటకి లారీ వచ్చింది. ఏమీ కాలేదు, బొటనవేలు మాత్రం అరగంట ముందు వచ్చింది. తర్వాత కమ్మీ. అదీ సరిపోయింది. ఇంక చెప్పేదేముంది, నేను లారీల కన్నా వేగంగా పోతున్నాను.

పైకప్పు స్లాబు వెయ్యాల్సిన రోజులు వచ్చినాయి. స్లాబుకి మూడొందల బస్తాల సిమెంటు కావాలి. నూటయాభై షెడ్డులో ఉన్నాయి. మిగతా నూటయాభై ఒక లారీలో రావాలి. అప్పటికే సముద్రంలో వాయుగుండం పట్టిందనీ, మూడోనాటికి వాన అందుకుంటుందనీ చెప్తున్నారు. వేటకి పోవద్దంటే పడవలన్నీ ఒడ్డుకి లాగేసినారు. ఇంజనీరమ్మాయి మొహంలో కూడా మబ్బు పట్టింది.

"తాతా, సిమెంటు మొత్తం వచ్చిందంటేనే స్లాబు మొదలుపెడతా. ఒకసారి మొదలైతే ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే పోతగా పోవాల. సగంలో ఆగి, ఆరినాక మిగతాది పోస్తే ఆ అతుకు అతుకే. ఈ ఉప్పుగాలి దాంట్లోకి దూరి లోపల కమ్మీని తినేస్తాది. రేపు గాలివానలో పాళెమంతా దాని కింద కూర్చోవాల. నేను వేసే మొదటి స్లాబు ఇది."

అర్థమైందని తల ఊపినాను. నిజంగా అర్థమైంది కూడా. అర్థమై చేసిన పని గనకే ఇప్పుడిది రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం డ్రైవరు ఫోను చేసినాడు. "అన్నా, వచ్చేసినాం!"

మా వైపు లారీ డ్రైవర్లు ఎక్కడున్నా వచ్చేసినామనే అంటారు. అది నాకు తెలియనిది కాదు.

"యాడుండావు నిజం చెప్పు."

"వెంకటాచలం దాటినాం అన్నా. ఒక టీ తాగి వచ్చేస్తాం."

ఫోను పెట్టేసి పలక చూసినాను. వరసలన్నీ పచ్చగా ఉన్నాయి, సిమెంటు ఒక్కటే పసుపు. పండిన చేలో ఒక్క గడ్డి దుబ్బు ఉన్నట్టుంది. నంబరు కొట్టినాను, నూటయాభై అని కొట్టినాను. పలక ఫొటో అడిగింది. ఇక్కడ నా పనితనం చూడండి. షెడ్డులో ఉన్న పాత బస్తాల ముందు నేల మీద బోర్లా పడుకొని, మూల నుంచి ఏటవాలుగా తీసినాను. ఆ ఫొటోలో అవి మూడొందలు కాదు, వెయ్యి బస్తాల్లాగా కొండలా లేచినాయి. సరే, వెయ్యి కాదు. మూడొందలు మాత్రం తప్పకుండా ఉంటాయనిపించింది. నొక్కినాను.

ఆరోజు మూడు బొటనవేళ్లు ఒకేసారి వచ్చినాయి. వాటి వెనకనే ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. సరుకంతా అందింది కాబట్టి, వాన పడేలోపల, రేపు పొద్దున్నే స్లాబు. కాంక్రీటు ముఠాకి చెప్పేసినాం, కాంక్రీటు కలిపే మిల్లర్లు రెండు బయలుదేరినాయి.

పుస్తకంలో రాసింది నా సొరుగులో పడుకునేది. ఇది నేను వేలు తీసేలోపల ఊళ్లు తిరిగి మనుషుల్ని లేపింది. ఆ సాయంత్రం చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడినాను. లారీ రాలేదు. డ్రైవరు ఫోను మూగబోయింది.

పొద్దున ఆరున్నరకి ముఠా దిగింది. ముప్పై మంది, ఆడామగా. మేస్త్రీ పెద్ద బొజ్జ మనిషి, నన్ను మామా అని పిలుస్తాడు. మిల్లర్లు రెండూ గుడగుడమని తిరగడం మొదలుపెట్టినాయి. పాళెం వాళ్లు కూడా చూడటానికి వచ్చి చుట్టూ నిలబడినారు. ఎక్కడ చూసినా కేకలు, నవ్వులు. పారల చప్పుడు. నేను మాత్రం గేటు అవతల రోడ్డు వైపే చూస్తున్నాను. అయినా, నిజం చెప్తున్నాను, ఆ హడావిడి చూస్తుంటే ఒళ్లంతా ఉత్సాహంగా కూడా ఉంది. ఇదంతా నా వేలు లేపిన జాతర!

మేస్త్రీ కొబ్బరికాయ పట్టుకున్నాడు. ఇంజనీరమ్మాయి ఒక పక్కన నిలబడి కళ్లు మూసుకొని తన ప్రార్థన తను చేసుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. షెడ్డు వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. చూడనక్కరలేదు. పలకలో పచ్చగా ఉంది గదా. ఆమె కళ్లు తెరిచేలోపల నేను పోయి ఎదురుగా నిలబడినాను.

"తల్లీ, సిమెంటు కొంచెం తక్కువుండాదేమో."

"ఎంత తక్కువ?"

"పది బస్తాలు."

"పదైతే సర్దుకోవచ్చులే."

"ముప్పై ఉంటాదేమో."

"ముప్పైయా?"

"డెబ్బై."

"తాతా."

"నూటయాభై. లారీ రాలేదు. రాకముందే నొక్కినాను."

ఎప్పుడూ నా లెక్కలు పెద్దగా మొదలై చిన్నవవుతాయి. ఆ పొద్దు చిన్నగా మొదలై పెద్దవైనాయి.

ఆమె షెడ్డులోకి పోయి టార్పాలిను ఎత్తి, బస్తాలు తానే ఒక్కొక్కటీ వేలితో తడుతూ లెక్కపెట్టింది. బయటికి వచ్చి చెయ్యి ఎత్తింది. "ఆపండి. కాయ కొట్టబాకండి."

మిల్లర్లు ఆగిపోయినాయి. ముప్పై మందీ నా వైపు చూసినారు. అంతమంది నన్ను ఒకేసారి చూడటం నా జీవితంలో అదే మొదలు, దానికోసం ఎన్ని కోతలు కోసినా రానిది.

"నువ్వు నాకు చెప్పకుండా ఇంకో పది నిమిషాలుంటే ఏమయ్యేదో తెలుసా?" అనింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మధ్యాహ్నానికి సిమెంటు అయిపోయేది. సగం స్లాబు పడేది. దాన్ని నేను పగలగొట్టాలా, అట్నే ఉంచి వీళ్లని దాని కింద కూర్చోబెట్టాలా?"

మేస్త్రీ కొబ్బరికాయ పక్కన పెట్టి నా భుజం పట్టుకున్నాడు. "మామా, ఏడ్చేది తర్వాత. బండెక్కు. లారీ యాడుందో చూద్దాం."

ముత్తుకూరు దారిలో ఎనభై స్పీడున బండి తోలినాను. తోలింది మేస్త్రీ. నేను వెనక కూర్చొని ఆయన బొజ్జ చుట్టూ రెండు చేతులూ వేసి కళ్లు మూసుకున్నాను. స్పీడు కూడా నలభై దాటలేదని తర్వాత ఆయనే అందరికీ చెప్పినాడు. కానీ గాలి చెవుల్లో మోగుతుంటే, రెండు పక్కలా రొయ్యల గుంటల్లో నీళ్లు తెల్లగా పరిగెత్తుతుంటే, డెబ్బై ఏళ్ల గుండె ఎట్లా కొట్టుకోవాలో అట్లా కొట్టుకుంది. కాదు, ఇరవై ఏళ్ల గుండెలాగా కొట్టుకుంది. ఇది తగ్గించను.

పాళేనికి ఐదు కిలోమీటర్ల దూరంలో లారీ రోడ్డు పక్కన ఒక వైపుకి ఒరిగి ఉంది. కమాను కట్ట విరిగింది. డ్రైవరు మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుంటున్నాడు. నన్ను చూసి గరిటె ఎత్తి, ముఖమంతా నవ్వుతో, "అన్నా, వచ్చేసినాం గదా!" అన్నాడు.

"వచ్చింది నువ్వు కాదురా, మేము!" అన్నాడు మేస్త్రీ.

"ఫోనులో చార్జింగు అయిపోయింది అన్నా. కమాను కట్టేమో మెకానిక్కు వస్తేగానీ కాదు."

మేస్త్రీ ఇంజనీరమ్మాయికి ఫోను చేసి సంగతి చెప్పినాడు. అవతల ఆమె పాళెం పెద్దాయనతో మాట్లాడినట్టుంది. పాళెంలో పెద్దలు అందరికీ కట్టడిగా ఒక మాట వేస్తే దాన్ని దురాయి అంటారు, దాన్ని ఎవరూ దాటరు. ఇంటికొక మనిషి బస్తాలు మోయడానికి రావాలని దురాయి వేసినారట. అరగంటలో పడవల్ని ఒడ్డుకి లాగే ట్రాక్టరు తొట్టి తగిలించుకొని దుమ్ము లేపుకుంటూ వచ్చింది. తొట్టి నిండా మనుషులే. వలలు లాగిన చేతులకి బస్తా ఒక లెక్కా! ఒకరి మీద ఒకరు కేకలు పెట్టుకుంటూ, లారీ మీది నుంచి ట్రాక్టరులోకి చేతులు మార్చుకున్నారు.

"ఏం తాతా, హైదరాబాదుకి మా ట్రాక్టరు కనపడతాదా?" అని ఒకామె అడిగింది, తలగుడ్డ బిగించుకుంటూ.

"నువ్వూ కనపడతావు. బస్తా సరిగ్గా పట్టుకో."

"ముందు నువ్వొకటి మోసి చూపించు."

నేను కూడా ఇరవై బస్తాలు మోసినాను. ఒక్కటి. దానికి కూడా రెండో కొస ఆమె పట్టుకుంది.

రెండు ట్రిప్పులు పట్టింది. రెండోసారి ట్రాక్టరు గేటు దాటినాక ఇంజనీరమ్మాయి పుస్తకం అడగలేదు, పలక అడగలేదు. బస్తా బస్తాకీ తనే గోడ మీద బొగ్గుతో గీత గీసింది. నూటయాభయ్యో గీత గీసినాక, "ఇప్పుడు కొట్టండి" అనింది. కొబ్బరికాయ పగిలేటప్పటికి పదిన్నర దాటింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే మీరు కూడా ఈలలు వేసేవాళ్లు. రెండు మిల్లర్లూ ఊపిరి తీసుకోకుండా తిరిగినాయి. కాంక్రీటు నింపిన గమేళాలు చెయ్యి మారి చెయ్యి పైకి పోయినాయి. మబ్బు తలల మీదికి దిగి వస్తోంది, మేస్త్రీ మబ్బుని తిడుతున్నాడు, పాళెం ఆడవాళ్లు పాటెత్తుకున్నారు. స్లాబు ఈ చివర నుంచి ఆ చివరికి అంగుళం అంగుళం నడిచింది, ఎక్కడా ఆగలేదు. ఆఖరి గమేళా పడి, పైన నునుపు చేసి టార్పాలిన్లు పరిచేటప్పటికి పొద్దు వాలింది. అతుకు లేదు. ఇంజనీరమ్మాయి ఆ కొస నుంచి ఈ కొస దాకా వంగి వంగి చూసి, చెక్క నిచ్చెన దిగి నేరుగా షెడ్డుకి వచ్చింది.

పలక నా ముందు పెట్టింది. ఆ పచ్చ వరస కింద స్లాబు ఆలస్యానికి కారణం రాయమని ఒక ఖాళీ గడి కనపడుతోంది.

"ఆఫీసోళ్లు మూడుసార్లు అడిగినారు. నేను రాయను. నువ్వే చెప్పు. నువ్వు మాట్లాడితే అదే రాసుకుంటాది."

నేను గొంతు సవరించుకొని మొదలుపెట్టినాను. నడిరోడ్డులో లారీ విరిగిపోగా, స్టోరు కీపరు తన వయసు కూడా లెక్కచెయ్యకుండా ఎనభై స్పీడున... ఆమె వేలు వచ్చి ఆ మాటలన్నీ తుడిచేసింది.

మళ్లీ మొదలుపెట్టినాను. డ్రైవరు వచ్చేసినామని చెప్పినందువల్ల... అదీ తుడిచేసింది.

"డ్రైవరు చెప్పినాడు. నొక్కింది ఎవరు?"

బయట ముఠా వాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కుంటూ నవ్వుకుంటున్నారు. ఆమె తొందర పెట్టలేదు, కుర్చీ లాక్కొని కూర్చుంది. చేతుల మీద సిమెంటు ఎండి తెల్లగా పొలుసులు లేస్తోంది. నేను మళ్లీ నోరు తెరిచినాను.

"లారీ రాకముందే వచ్చిందని నొక్కినాను. ఫొటో పాత బస్తాలది. ఆలస్యం నా వల్ల."

ఆమె చదివింది. "ఎన్ని బస్తాలో కూడా చెప్పు."

"నూటయాభై."

"ఇంకేమన్నా కలపాలా?"

"వద్దు."

"అయితే పంపు."

పంపినాను. బొటనవేలు బొమ్మ రాలేదు. చాలాసేపటిదాకా ఏదీ రాలేదు. తర్వాత, ఇకమీదట సిమెంటు లోడుకి స్టోరు కీపరు నొక్కినాక ఇంజనీరు కూడా కళ్లారా చూసి నొక్కితేనే పచ్చబడుతుందని ఒక కబురు వచ్చింది. అంటే నన్ను తీసెయ్యలేదు. ఆమె అది బయటికి చదివి, పలక నా చేతిలో పెట్టి, హెల్మెట్టు తీసుకుంది.

"రేపు తొమ్మిదికి కంకర వస్తాది తాతా. నేను ఎనిమిదికే వస్తా."

స్కూటీ పోయినాక కూడా పలక పట్టుకొని అక్కడే కూర్చున్నాను. రేపటి కంకర వరస మీద వేలు పెట్టకుండా గంటసేపు చూసినాను. పది నిమిషాలు. తర్వాత పలకని సొరుగులో పెట్టి తాళం వేసినాను.